పితికిపప్పులో పొట్టుగింజ

చాప ఇటు లాక్కోండి. ఇంకాస్త దగ్గరికి జరగండి, నా గొంతు అంత దూరం రాదు. వక్కలు కత్తిరించుకుంటారో, బియ్యంలో రాళ్ళేరుకుంటారో మీ ఇష్టం, చెవులు మాత్రం ఇటు పెట్టండి. నేను కాశీకి పోలేదు, రామేశ్వరం చూడలేదు. రెండో తరగతితో బడి మానేసినదాన్ని, పటంలో ఏ ఊరెక్కడుందో వేలు పెట్టి చూపించలేను. నా జన్మలో నేను చేసిన పెద్ద యాత్ర తిరుపతి నుంచి ఐరాల దాకా, పోను మూడంటే మూడు రోజులు. అయినా కాశీకి వెళ్ళొచ్చినవాళ్ళు కూడా నా ముందు కూర్చుని ఈ కథ మళ్ళీ చెప్పించుకుంటారు.

మేం వెళ్ళింది మా అమ్మకు పుట్టిల్లు వెతకడానికి.

ఇంటిపేరు తెలియని అమ్మ

మా అమ్మ పేరు గంగమ్మ. ఆ పేరు ఆమెకు ఆరేళ్ళప్పుడు వచ్చింది. అంతకుముందు ఏ పేరుండేదో ఆమెకే తెలియదు. ఇంట్లో అందరూ ‘చిన్నపాపా’ అనేవాళ్ళట. తిరుపతి గంగమ్మ జాతరకు నాయన భుజమెక్కి వచ్చింది. జాతరలో రోజుకో వేషం వేస్తారు కదా, ఆ రోజు దొర వేషాలు. పిల్ల కిందికి దిగి ఒక దొర వెనకాల నడవడం మొదలుపెట్టింది. ఆ దొర ఏ సందులోనో మాయమయ్యాడు. పిల్ల పూలంగళ్ళ ముందు తేలింది.

అక్కడ పూలు కట్టి అమ్ముకునే దంపతులు ఆమెను దగ్గరికి తీసుకున్నారు. పిల్లలు లేనివాళ్ళు. “ఏ ఊరు పాపా?” అంటే “మా ఊరు” అంది. “మీ నాయన పేరేంది?” అంటే “నాయన” అంది. జాతర అయిపోయేదాకా పిల్లను చంకనేసుకుని తిరిగారు. ఎవరూ కనబడలేదు. గంగమ్మ ఇచ్చిన పిల్ల అని గంగమ్మ అని పేరు పెట్టి పెంచుకున్నారు. నాకు అవ్వాతాతలంటే వాళ్ళే, చల్లని మనుషులు.

అమ్మకు పుట్టింటి సంగతులు మూడే గుర్తు. ఊరి పక్క గుట్ట మీద గుండు మీద గుండు పేర్చినట్టుండే బండరాళ్ళు. చలికాలమంతా బెల్లం కాగే వాసన. మూడోది పితికిపప్పు.

పితికిపప్పు తెలియనివాళ్ళకి చెప్తాను. అనపగింజలు రాత్రి నానబెట్టి, తెల్లారి ఒక్కొక్క గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పితికితే పొట్టు చేతిలో మిగిలి, పప్పు టప్పున గిన్నెలోకి ఎగిరి పడుతుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని పితికితే గానీ ఒక పూటకు కూర కాదు. పప్పులో పొట్టు కనబడితే ఇల్లాలికి నామోషీ. అయితే అమ్మ పుట్టింట్లో మాత్రం కావాలనే ఏడు గింజలు పొట్టుతో వదిలి పప్పులో వేసేవాళ్ళట. తినేటప్పుడు ఆ గింజ ఎవరి ఆకులో పడితే వాళ్ళకి నెయ్యి ఇంకో గరిటె.

“నాయనకొకసారి, అమ్మకొకసారి, తాతకి, అవ్వకి, చిన్నాయనకి, అన్నకి, నాకి, అట్ల వస్తా ఉన్నింది” అని అమ్మ వేళ్ళు మడిచేది. తర్వాత గొంతు తగ్గించి, “నాకే జాస్తి వస్తాయి. అన్న తన ఆకులోది ఎవరూ సూడకుండా నా ఆకులోకి తోసేస్తాడు” అని నవ్వేది. అరవై ఏళ్ళ కిందటి నెయ్యి ఆమెకింకా నాలుక మీదే ఉంది.

నా పెళ్ళిలో మేనమామ కూర్చోవలసిన పీట మీద పక్కింటాయన కూర్చున్నాడు. ఆ రోజు అమ్మ ఆ పీట వైపు చూసిన చూపు నేను మరచిపోలేదు. ఇప్పుడేమో ఆమె కళ్ళలో పొరలు కమ్ముతున్నాయి. మనిషి ముఖం దగ్గరికొస్తే గానీ ఆనడంలేదు. “ఈ కండ్లు మూసుకుపోకముందే ఒక్కసారి నా పుట్టింటి గడప తొక్కి, ఆడ ఆకేసుకోని పితికిపప్పు తినల్ల” అని మొదలుపెట్టింది.

ఆ కార్తీకంలోనే ఇల్లిల్లూ తిరిగి వంశాలు పాడే ముసలాయన మా వీధికొచ్చాడు. ఇంటిపేరు చెబితే చాలు, ఏడు తరాల పెద్దల పేర్లు వరసగా పాడతాడు. అమ్మ చేటతో బియ్యం పట్టుకెళ్ళి “నా వంశం పాడు నాయనా” అంది.

“ఇంటిపేరేంది తల్లీ?”

“అది తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను?”

ఆయన తంబుర కింద పెట్టేశాడు. “పేరు లేకుండా యాడ పట్టుకునేది తల్లీ? ఏ ఊరో తెలీదు, ఏ గోత్రమో తెలీదు. పోనీ మీ ఇంట్లో ఏం తింటారో అదన్నా చెప్పు.”

ఆయన ఎగతాళికన్నాడు. అమ్మ నిజంగానే చెప్పింది. ఆయన గడ్డం గోక్కుని, “పొట్టుగింజల ఇల్లా... పాకాల దాటి ఐరాల పక్క తిరిగేటప్పుడు ఎవరో అంటా ఉండంగా ఇన్నట్టుండాది. అనపకాయల కాలంలో పోయి కుండలు సూసుకోండి” అన్నాడు.

మా ఆయనకు చెబితే, “లోకమంతా యుద్ధం జరుగుతుంటే, పప్పులో పొట్టు వెతుక్కుంటూ రైలెక్కేవాళ్ళు మీరిద్దరే” అని నవ్వాడు. నవ్వుతూనే టిక్కెట్టు డబ్బులిచ్చాడు.

రైల్లో

మార్గశిరమాసం, మంచు. తిరుపతి స్టేషన్లో మనుషుల కంటే మూటలెక్కువ. మా పెట్టెలో గుండ్లు గీయించుకున్న యాత్రికులు సగం, సెలవు మీద ఇళ్ళకు పోయే సిపాయిలు సగం. అమ్మను కిటికీలోంచి లోపలికి అందించాల్సి వచ్చింది. ఒక సిపాయి అవతల నుంచి అందుకుంటూ, “అవ్వా, బియ్యం మూటకన్నా తేలిగ్గా ఉండావే!” అన్నాడు. “రేషను బియ్యం తింటే ఇంతే నాయనా” అంది అమ్మ. పెట్టంతా నవ్వింది. చోటు కూడా దొరికింది.

మా ఎదురుగా చిత్తూరు గాజులంగడి ఆమె, పేరు హుసేన్‌బీ. ఒళ్ళో గాజుల బుట్టను చంటిబిడ్డలా పట్టుకుంది. చంద్రగిరి దాటేలోగా మా కథంతా రాబట్టింది.

“ఏడు గింజల కోసం రైలెక్కినారా? యా అల్లా!” అని బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. “మా ఇంట్లో అనపగింజలు యాటమాంసం కూరలో వేస్తాం అక్కా. మా అత్త పోయి పదేండ్లాయె. ఇప్పటికీ ఆ కూర నోట్లో పెట్టుకుంటే నా ఎనకాల నిలబడి తిడతా ఉన్నట్టే ఉంటాది. కూరలో మనుషులుంటారు. పోండి, దొరుకుతారు.”

మేం దిగేముందు అమ్మ చెయ్యి పట్టుకుని రెండు ఆకుపచ్చ గాజులు ఎక్కించింది. వద్దంటే వినలేదు. “పుట్టింటికి పోయే ఆడబిడ్డ బోసి చేతుల్తో పోతాదా?” అంది. ముక్కూ ముఖం తెలియని మనిషి! ఆ గాజులు ఇప్పటికీ అమ్మ చేతికున్నాయి.

పాకాల

పాకాలలో దిగేసరికి పొద్దు బాగా ఎక్కింది. పెద్ద జంక్షను కదా, అరవమూ తెలుగూ కలిసిపోయి వినబడతాయి. స్టేషను ఎదురుగా భోజన హోటలు. భోజనం నాలుగణాలు. చిల్లర దొరకని రోజులు, మిగతాకు ఒక అట్టముక్క మీద గీతలు గీసి ఇచ్చాడు, మళ్ళీ వచ్చినప్పుడు కాఫీ తాగమని. ఆ అట్టముక్క నా పెట్టెలో ఉంది, కాఫీ ఇంకా తాగలేదు.

ఆకులో పితికిపప్పు వేశారు. అమ్మ ముఖం దగ్గరగా పెట్టుకుని కెలికింది. వడ్డించే ఆయన్ని పిలిచి, “అబ్బయ్యా, ఇందులో పొట్టు గింజలుండాయా?” అని అడిగింది.

ఆయన ముఖం ఎర్రబడిపోయింది. “ఏమ్మా, మా పప్పులో పొట్టుండాదంటావా? పొద్దున్నించి ఆరుమంది ఆడోళ్ళు పితికినారు. ఒక్క పొట్టు సూపించు, మీ ఇద్దురి భోజనం ఊరికినే పెడతా!”

“అయ్యో, ఉంటే బాగుండునని అడిగినా నాయనా” అంది అమ్మ.

“ఉంటే బాగుండేదేంది? ఎగతాళా?” అని అతను వంటింట్లోకి వెళ్ళి వంటామెను పిలుచుకొచ్చాడు. ఆమె గరిటెతో సహా వచ్చి నడుం మీద చెయ్యి పెట్టి నిలబడింది. పక్కనున్నవాళ్ళంతా తినడం మానేసి మమ్మల్నే చూశారు. నేను పుట్టింటి కథంతా చెప్పాక ఆమె నడుం మీది చెయ్యి తీసి, అమ్మ ఆకులో ఇంకో గరిటె పప్పు వేసింది. “మొదులే చెప్పకూడదా అక్కా! నా పరువు పోయిందనుకున్నా” అంది.

అప్పుడు తెలిసింది మాకు. ఈ తావుల్లో ఒక ఇంటి ముందు నిలబడి ‘మీ పప్పులో పొట్టుంటుందా’ అని అడిగితే, ‘మీరు బద్ధకస్తులా’ అని అడిగినట్టే.

బొగ్గు బస్సు

పాకాల సత్రంలో పడుకుని, తెల్లారి బస్సెక్కాం. పెట్రోలు లేక బొగ్గు మీద నడిపే బస్సు. వెనకాల కొలిమి కట్టుకుని నడిచే ఇనప గాడిద అనుకోండి. ప్రతి ఎత్తు దగ్గరా ఆగిపోతుంది, మగవాళ్ళంతా దిగి తోస్తారు. అమ్మ మాత్రం దిగలేదు. తోసేవాళ్ళను కిటికీలోంచి “ఇంగా కొంచెం నాయనా, ఇంగా కొంచెం” అని హుషారు చేసింది. ఒకాయన రొప్పుతూ, “అవ్వా, నువ్వు ఎక్కిన బస్సుకి టిక్కెట్టు మేమే అడగల్ల” అన్నాడు.

దారి పొడుగునా గుట్టలు, ప్రతి గుట్ట మీదా గుండు మీద గుండు. కనబడిన ప్రతిసారీ నేను, “అమ్మా, అదేనా?” అనేదాన్ని. చూపు ఆనకపోయినా “అట్లే ఉండాది” అనేది. నాలుగు గుట్టలయ్యాక ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ లెక్కన చిత్తూరు జిల్లాలో సగం ఊళ్ళు మా అమ్మ పుట్టిళ్ళే.

ఐరాల

ఐరాలలో దిగగానే అమ్మ ముక్కు పైకెత్తింది. బెల్లం! చెరకు గానుగల కాలం. ఒక గానుగ దగ్గర పెద్ద పెనంలో పాకం కుతకుతలాడుతోంది. అక్కడి రైతు మమ్మల్ని చూసి ఎవరని అడగలేదు, ఏం పనని అడగలేదు. కొబ్బరి చిప్పలో వేడి పాకం పోసి చేతికిచ్చాడు. మా తిరుపతిలో కొత్తవాళ్ళు కనబడితే ముందు ఏ ఊరు, ఎంతమంది, ఎన్నాళ్ళుంటారు అని అడుగుతాం. వీళ్ళు ముందు నోరు తీపి చేసి తర్వాత మాట అడుగుతారు.

ఆ వాసనకు అమ్మకు ఆశ పుట్టింది. ఇంటింటి అరుగు మీదా ఆడవాళ్ళు అనపగింజలు పితుకుతున్నారు. పాకాల బుద్ధి వచ్చింది కదా, ఈసారి ముందు కథ చెప్పి తర్వాత ప్రశ్న అడిగాం. “ఏడు పొట్టుగింజలు వేసే ఇల్లు ఏదన్నా ఉండాదా తల్లీ?” ఒక్కొక్క అరుగు మీదా ఒక్కొక్క జవాబు. ఒకామె వాళ్ళింట్లో గుమ్మడికాయ కొయ్యరంది, ఇంకొకామె వాళ్ళు ఆదివారం వడియాలు పెట్టరంది. ఒక ముసలామె మమ్మల్ని కూర్చోబెట్టి సంగటీ చింతకాయ పచ్చడీ పెట్టింది గానీ, ఏడు గింజల మాట మాత్రం ఎరగనంది. ఆ రాత్రి ఆమె ఇంట్లోనే పడుకున్నాం. అమ్మ చాలాసేపు అటూ ఇటూ దొర్లింది.

పొద్దున బయల్దేరుతుంటే ముసలామె, “రెండు మైళ్ళ దూరంలో పల్లె ఉండాది. ఆడ గానుగోళ్ళని ఒక ఇల్లు. పొట్టుగింజలు వాళ్ళు వేస్తారని ఇన్నా. ఏడో ఎనిమిదో నాకు తెలీదు” అంది.

గానుగోళ్ళ ఇల్లు

బెల్లం తోలే బండిలో ఎక్కి వెళ్ళాం. ఊరి పక్క గుట్ట, గుండు మీద గుండు. ఈసారి నేను ఏమీ అడగలేదు.

వాకిట్లో ఆ ఇంటి కోడలు రాజమ్మ పితికిన పప్పు చేటలో పోసుకుంటోంది. కథంతా విని ఆమె తల అడ్డంగా ఊపింది. “పొట్టుగింజలు వేస్తాం అత్తా. అయితే ఏడు కాదు. మేము పది వేస్తాం.”

“పదా?” అంది అమ్మ.

“నేను కాపరానికొచ్చినప్పుడు ఎనిమిది వేస్తా ఉన్నిరి. ఇప్పుడు పది. ఏడు మటుకు నేనెప్పుడూ సూడలేదు.”

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. “పద రత్నా. ఇది కాదు” అంది. గొంతులో ఉత్సాహం లేదు. బస్సును హుషారు చేసిన మనిషి ఈమేనా అనిపించింది.

రాజమ్మ అడ్డంగా వచ్చి నిలబడింది. “ఏడికి పోయేది? ఆకులేసే యాళకి వచ్చి తినకుండా పోతే మా మామ నన్ను బతకనిస్తాడా? పది గింజల పప్పు తింటే మీ నోరేమన్నా కాలతాదా?”

నవ్వక తప్పలేదు. కాళ్ళు కడుక్కుని వసారాలో కూర్చున్నాం. అమ్మకు ఎదురుగా ఆ ఇంటి పెద్దాయన మునెప్ప కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి, గానుగ దగ్గర్నుంచి అప్పుడే వచ్చాడు, మీసాలకు కూడా బెల్లం వాసన. “ఎవురో పుట్టిల్లు ఎతుక్కుంటా వచ్చినారంట. మంచిది. ముందు తినండి” అన్నాడు. అంతే, తలవంచుకుని సంగటిలో గుంట చేసుకున్నాడు.

నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బొకటి, ఏదన్నా కనబడితే లెక్కపెడతాను. వాళ్ళింటి మనుషుల్ని లెక్కపెట్టాను. తొమ్మిదిమంది. నోరూరుకోక అడిగాను. “గింజలు పదే ఎందుకు రాజక్కా? పదికేమన్నా నియమమా?”

“పదికేం నియమం! ఇంట్లో మనిషికొక గింజ. బిడ్డ పుడితే ఒకటి పెంచుతాం, పెద్దోళ్ళు పోతే ఒకటి తీస్తాం.”

అప్పటికి గాని నా బుర్రకెక్కలేదు. అమ్మ వేళ్ళు మడిచి చెప్పిన ఏడుగురు! నాయన, అమ్మ, తాత, అవ్వ, చిన్నాయన, అన్న, తను. ఆమె ఇంట్లో ఏడుగురుండబట్టి ఏడు గింజలు. మేం తెలివితక్కువగా ఊరూరా ఏడు ఏడు అని అడుగుతూ తిరిగాం.

“మీరు తొమ్మిదిమందే కదా?” అన్నాను.

“పదోది మా మామ చెల్లెలిది. ఎప్పుడో తిరుపతి జాతరలో తప్పిపోయిందంట. మా మామ వాళ్ళమ్మ పోతా పోతా చెప్పిందంట, పోయినోళ్ళ గింజ తియ్యండి, తప్పిపోయినోళ్ళది తియ్యొద్దని. ఎన్ని తగ్గినా ఎన్ని పెరిగినా, ఆ ఒక్కటీ పడతానే ఉండాది.”

అమ్మ ముద్ద ఆకులోనే వదిలేసింది. ఎదురుగా ఉన్న పెద్దాయన వైపు ముఖం తిప్పి, “దొర వేషం ఎనకాలే పోయింది” అంది.

మునెప్ప తలెత్తాడు. “ఎవురు చెప్పినారు నీకు?”

“ఎవురూ చెప్పలేదు. ఇంగోటి కూడా తెలుసు. నీ ఆకులో పొట్టుగింజ పడితే, మీయమ్మ అటు తిరిగినప్పుడు నీ చెల్లెలి ఆకులోకి తోస్తా ఉంటివి. నెయ్యి దాని ఆకులో పడేది.”

ఆ మాట ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. వాళ్ళమ్మకు తెలిస్తే ఊరుకునేదా? అన్నకీ చెల్లెలికీ తప్ప మూడో మనిషికి తెలియని దొంగతనం అది.

ముసలాయన వంగి అమ్మ ముఖంలోకి చూశాడు. తర్వాత తన ఆకులో పప్పు వేలితో కెలికాడు. గోధుమరంగు పొట్టుగింజ ఒకటి బయటపడింది. దాన్ని నేల మీదుగా జరుపుకుంటూ జరుపుకుంటూ తెచ్చి అమ్మ ఆకులోకి తోశాడు.

“రాజమ్మా,” అన్నాడు, “చిన్నపాపకి నెయ్యి ఇంకో గరిటె పొయ్యి.”

ఇంక ఏం చెప్పమంటారు! ఏడుపూ నవ్వూ కలిసిపోయి, సంగటి చల్లారిపోయి, ఎవరు ఎవర్ని పట్టుకున్నారో తెలియకుండా పోయింది. నెయ్యి గిన్నె బోర్లాపడింది. దాన్నెవరూ పట్టించుకోలేదు, వాళ్ళ పిల్లి తప్ప.

మామ చెప్పిన వరస

ఆ సాయంత్రం వసారాలో కూర్చుని మునెప్ప మామ తాతముత్తాతల పేర్లు వరసగా చెప్పాడు. గానుగ వారు, ఫలానా గోత్రం, ఎవరు ఈ ఊరికి మొదట వచ్చారు, ఎవరు బావి తవ్వించారు. నేను అన్నీ నోటికి పట్టేశాను, నా పలక అదే కదా. చివర, “నీ పేరు అలమేలు” అన్నాడు అమ్మతో.

అమ్మ ఆ పేరును రెండుసార్లు పలికి చూసింది. “బాగుండాది. అయితే ఇన్నేండ్లు గంగమ్మా అంటే పలికినా. దాన్ని ఇప్పుడు యాడికి తోలేది? రెండూ ఉండనీ” అంది.

“మూడేండ్లు వరసగా ప్రతి జాతరకూ వచ్చి ఎతికినాం పాపా” అన్నాడు మామ.

“జాతరొస్తే పెంచినవాళ్ళు నన్ను ఇంట్లో పెట్టి తలుపేసేవాళ్ళు” అంది అమ్మ. “మళ్ళా తప్పిపోతానని.”

ఇద్దరూ ఏడుస్తారనుకున్నాను. మామ తొడ చరుచుకుని, “ఆ దొర యాడన్నా కనబడితే వానికీ ఒక గరిటె నెయ్యి పొయ్యల్ల!” అన్నాడు. వసారా అదిరేలా నవ్వారు.

మర్నాడు బయల్దేరుతుంటే ఒక పసుపుపచ్చ చీర నా చేతిలో పెట్టాడు. “నీ పెండ్లికి మేనమామ పెట్టాల్సిన చీర. కొంచెం ఆలస్యమైపోయింది” అన్నాడు. నా పెళ్ళై ఇరవై ఎనిమిదేళ్ళు. అయినా వాళ్ళ గడపలోనే కట్టుకుని బండెక్కాను.

మళ్ళీ మా వీధిలో

మాఘంలో వంశాలు పాడే ముసలాయన మళ్ళీ వచ్చాడు. అమ్మ చేటతో కాదు, బుట్టతో బియ్యం పట్టుకెళ్ళింది. “గానుగ వారి వంశం పాడు. కడాన అలమేలు అనే గంగమ్మ పేరు చేర్చు” అంది. ఆయన పాడుతుంటే, చూపు ఆనకపోయినా ఆయన పెదవుల్నే చూస్తూ కూర్చుంది. పాట అయ్యాక మళ్ళీ పాడమంది.

మా ఇంట్లో ఇప్పుడు పితికిపప్పు వండినప్పుడల్లా మనిషికొకటి చొప్పున ఆరు పొట్టుగింజలు వేస్తాను. ఐరాల పక్క రాజక్క పది వేస్తుంది. మామను అడిగింది కూడా, మనిషి దొరికింది కదా, ఆ పదోది ఇక వెయ్యాలా అని. “దొరికింది కాబట్టే వెయ్యల్ల” అన్నాడట.

ఇంతసేపు నా కథ విన్న చల్లని తల్లులారా! మీ ఇంటి కుండలో గింజల లెక్క ఏటేటా పెరగాలి గానీ తరగకూడదు. మీ గడప దాటి పోయినవాళ్ళు ఆకులేసే వేళకు తిరిగి రావాలి. వచ్చేసరికి మీ పొయ్యి మీద పప్పు వేడిగా, గిన్నెలో నెయ్యి నిండుగా ఉండాలి.